శుభలేఖ మీద తీతువు

పెద్దమ్మ కార్యాలన్నీ అయిపోయి, వచ్చిన చుట్టాలు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశాక, అన్నయ్య వంటింటి అటక మీంచి ఒక మూట దించి నా ముందు పెట్టాడు. అన్నయ్యంటే పెద్దమ్మ కొడుకు. "అమ్మ ఇది నీకిమ్మని ఎప్పుడో చెప్పింది" అన్నాడు. పాత పంచె ముక్కలో చుట్టిన మూట. ముడి విప్పుతుండగానే కిరసనాయిలూ, అచ్చు సిరా, అవిసె నూనె కలిసిన వాసన వచ్చింది. చూడకుండానే అదేంటో నాకు తెలిసిపోయింది. మామిడి చెక్క మీద అంటించిన గోధుమరంగు లినోలియం ముక్క. దాని మీద చెక్కిన కోతకోసిన వరిచేను, గట్టు, గట్టు మీద తాడిచెట్లు. చేను మధ్యలో పిట్టల ఆకారంలో, పొడుగు కాళ్ళతో సహా, శుభ్రంగా తవ్వేసిన రెండు గుంటలు. "అంతా బాగా చెక్కి పిట్టల్నెందుకు తీసేసింది?" అని అన్నయ్య అడిగాడు. అప్పట్లో వాడు విశాఖపట్నం హాస్టల్లో ఉండి చదువుకునేవాడు, అందుకని వాడికి ఈ సంగతి సరిగ్గా తెలీదు. నేను అప్పుడు పెద్దమ్మ దగ్గరే ఉన్నాను.

మాది గోదావరి అవతల లంకల్లో ఊరు. డిగ్రీ చదవడానికి రోజూ పంటు మీద రేవు దాటి రావడం ఆడపిల్లకి కష్టమని నాన్న నన్ను పాలకొల్లులో పెద్దమ్మ ఇంట్లో దింపారు. ఇల్లనడమే గానీ వీధివైపు గది మొత్తం పెదనాన్న ప్రింటింగు ప్రెస్సు, దాని వెనక మిగిలినంతలో మేం. తెల్లారగానే పెదనాన్న స్నానం చేసి, దేవుడి ముందు వెలిగించిన అగరొత్తుల్లో ఒకటి పట్టుకొచ్చి, కాలితో తొక్కే ట్రెడిల్ మిషనుకి గుచ్చేవారు. ఆ తర్వాతే కాఫీ. వంటింట్లో ఇంగువ పోపూ, ముందు గదిలో అక్షరాలు కడిగే కిరసనాయిలూ, రెండు వాసనలూ నడవలో కలుసుకునేవి. మొదట్లో నాకు అన్నం ముద్ద కూడా కిరసనాయిలు వాసనే వేసేది. కొన్నాళ్ళకి సెలవులకి మా ఊరెళితే అమ్మ చేసిన పప్పులో ఏదో తక్కువైనట్టుండేది. పెదనాన్న సీసపు అక్షరాల్ని తిరగేసి చదివీ చదివీ లోకంలో అన్నిట్లోనూ తప్పులు వెతికేవారు. పేపరు ముందేసుకుని ఎర్ర పెన్సిలుతో అచ్చుతప్పులు దిద్దుతూ కూచునేవారు, సాయంత్రానికి దాన్ని తిరిగి పేపరు వాళ్ళకి అప్పజెప్పాలన్నట్టు. కూరలో ఉప్పు తగ్గితే "సత్యం, ఇక్కడో అక్షరం పడలేదు" అనేవారు. పెద్దమ్మ పేరు సత్యవతి. "చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు" అంటూ ఆవిడ ఉప్పు డబ్బా ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయేది.

లినోలియం చెక్కి అచ్చు తీసే బొమ్మని లినోకట్ అంటారని నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. మా ఇంట్లో ఆ లినోలియాన్ని ఆసుపత్రి చాప అనేవాళ్ళం. ఊళ్ళో ఒక పాత ఆసుపత్రికి మొజాయిక్ గచ్చు చేయిస్తూ, ఎప్పుడో నేల మీద పరిచిన మందపాటి లినోలియం పీకి బయట పడేశారట. పెదనాన్న అందులో ఒక చుట్ట రిక్షాలో వేయించుకొచ్చారు. శుభలేఖల మీద వేసే కలశం, అరటిచెట్లు అప్పట్లో బెజవాడలో చేయించిన జింకు బ్లాకులు. పెళ్ళిళ్ళ రోజుల్లో అవి అరిగిపోతే కొత్తవి వచ్చేసరికి ముహూర్తాలే దాటిపోయేవి. లినోలియం ముక్కని చెక్క మీద అంటించి, అక్షరాలంత ఎత్తు వచ్చేలా చేసుకుని బొమ్మ చెక్కితే అదీ బ్లాకులాగే పని చేస్తుందని ఆయనకి ఎవరో చెప్పారు. ఆయన చెక్కిన కలశం బూడిదగుమ్మడికాయలా వచ్చింది. పెద్దమ్మ నవ్వి, విరిగిన గొడుగులోంచి ఒక ఊచ లాగి, కొసని సానరాయి మీద నూరి, ఆయన చేతిలోంచి చెక్క తీసుకుందట. గొడుగు ఊచకి లోపల సన్నటి కాలువ ఉంటుంది. దాన్ని ముందుకి తోస్తూ పోతే లినోలియం తీగలా లేస్తుంది. తవ్విన చోట కాగితం తెల్లగా ఉండిపోతుంది, వదిలేసిన చోట సిరా అంటుతుంది. విద్యంతా అంతే. నేను వెళ్ళేసరికి ప్రెస్సులో బొమ్మలన్నీ ఆవిడ చెక్కినవే. పెదనాన్న మాత్రం వచ్చినవాళ్ళకి "బెజవాడ బ్లాకులండి" అనే చెప్పేవారు. ఇంట్లో ఆడవాళ్ళు చేసిందంటే జనానికి విలువుండదని ఆయన భయం. పెద్దమ్మ ఆ మాట వంటింట్లోంచి వినేది, ఏమీ అనేది కాదు. ఆయన మీద నాకే ఒళ్ళు మండేది.

ఈ పనిలో చిక్కల్లా బొమ్మ తిరగబడటం. పెద్దమ్మ తన సరదాకి మొట్టమొదట చెక్కుకున్నది, జాతరకి నైవేద్యం తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తున్న ముత్తైదువ బొమ్మ. అచ్చు తీసి చూస్తే పైట కుడి భుజం మీదకి వెళ్ళిపోయింది. పెదనాన్న కళ్ళజోడు సవరించుకుని "ఈవిడెవరు సత్యం, మార్వాడీల కోడలా?" అన్నారట. ఆ రోజు నుంచి ఆవిడ బొట్టు పెట్టుకునే చిన్న అద్దం చెక్క పక్కనే ఉండేది. నాకు నేర్పేటప్పుడు కూడా మొదటి పాఠం అదే. "చెక్క మీద ఉన్నది చూడకే, అద్దంలో ఉన్నది చూడు. కాగితం మీదకి వచ్చేది అదీ" అనేది.

ఆదివారాలు మిషను ఆగేది. ఆ రోజు ఆవిడ తన బొమ్మలు తన కోసం వేసుకునేది. అన్నం వార్చాక గిన్నె మూత మీద లినోలియం ముక్క పరిచేది. ఆ వేడికి అది మెత్తబడి గొడుగు ఊచకి లొంగేది. చెక్కడం అయ్యాక సిరా రాసి, పెళ్ళి కార్డులు కోయగా మిగిలిన కాగితం పైన పరిచి, గరిటె వెనక వైపుతో రుద్దేది. తర్వాత ఒక మూల పట్టుకుని మెల్లిగా లేపితే కాగితం మీద లకుముకి పిట్ట, పీతని నోట కరుచుకున్న నీటికుక్క, తూటికాడ ఆకుల్లో తలెత్తిన తాబేలు. ఏ జంతువుకైనా ఆవిడ తోలుబొమ్మల కన్ను పెట్టేది. మొహం పక్కకి తిరిగి ఉన్నా పెద్ద కన్ను మాత్రం మనకేసే చూస్తుండేది. చేలకి ముగ్గుల చుక్కలు, నీళ్ళకి మెలికల ముగ్గు, ముంగిస ఒంటి మీద, జాతరలో నెత్తిన ఎత్తుకునే గరగల మీద ఉండే గీతలు. అవన్నీ నడవలో కట్టిన తీగ మీద బట్టల క్లిప్పులతో ఆరేసేది. అవి ఎవరికైనా చూపించాలని గానీ, వాటికో పేరుంటుందని గానీ ఆవిడకి తోచినట్టు లేదు. పెదనాన్న వాటి కింద నుంచి వంగి నడుస్తూ, "కాగితం దండగ" అనేవారు. అలా అంటూనే మంచి కాగితం మిగిలితే ఆదివారానికి పక్కన పెట్టేవారు.

ఊరి చివర వాళ్ళకి కాస్త చేను ఉండేది. దాళ్వా పంట కోతలయ్యాక ఒక సాయంత్రం పెద్దమ్మతో అటు వెళ్ళాను. మోళ్ళ మధ్య నడుస్తుంటే ఒక పిట్ట హఠాత్తుగా లేచి మా తల మీద తిరుగుతూ గొంతు చించుకుంది. నల్లటి తల, కంటి దగ్గర ఎర్రటి తోలు, పసుపుపచ్చటి పొడుగు కాళ్ళు. తీతువు. మా లంకలో చీకటి పడ్డాక ఆ అరుపు వినిపిస్తే మా అమ్మమ్మ రామ రామ అనుకుని తలుపు మూసేసేది. తీతువు కూస్తే ఎవరో ఒకరు పోతారని చిన్నప్పటి నుంచీ విన్న మాట. పెద్దమ్మ నా జబ్బ పట్టుకుని ఆపి, "ఇంకో అడుగేస్తే తొక్కేసేదానివి, చూడు" అంది. నా కాలి ముందు మట్టిబెడ్డల్లో మట్టి రంగు గుడ్లు, నల్లటి మచ్చలతో. గూడు లేదు, గడ్డిపరక లేదు, వట్టి నేల. "పాపం దానికి చెట్టు ఎక్కడం రాదు. నేల మీదే పెడుతుంది. ఎవరొచ్చినా 'ఇటు రాకండి, ఇటు రాకండి' అని మొత్తుకుంటుంది. మనవాళ్ళకి అది చావు కేకలా వినిపిస్తుంది" అంది. మేం గట్టు దాకా పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళాం. ఆ వారమే ఆవిడ ఆ చేనుని చెక్కింది. నేలంతా ముదురుగా వదిలేసి మోళ్ళని సన్నటి తెల్ల గీతలు చేసింది. మధ్యలో జంట తీతువులు, వాటి చుట్టూ వెంట్రుకవాసి తెల్ల గీత. అంత మంచి బొమ్మ ఆవిడ అంతకుముందు చెయ్యలేదు.

వైశాఖంలో పెళ్ళిళ్ళు. ఒకరోజు మా వీధి చివర బట్టల కొట్టాయన, తన కూతురు పద్మజ పెళ్ళి కార్డుల కోసం వచ్చారు. వెంట పద్మజ కూడా వచ్చింది. పెదనాన్న మామూలు బొమ్మలన్నీ చూపించారు. ఆ అమ్మాయికి ఏదీ నచ్చలేదు. మంచినీళ్ళ కోసం లోపలికొచ్చి నడవలో తీగ మీద ఆరేసిన చేను చూసింది. అక్కడే ఆగిపోయింది. "మా అత్తగారిది పల్లెటూరు ఆంటీ. మేడ ఎక్కితే అన్నీ చేలేనంట. ఇదే వెయ్యండి నా కార్డు మీద" అంది. తర్వాత బొమ్మ మీద వేలు పెట్టి "ఇవేం పిట్టలు?" అని అడిగింది. పెద్దమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆవిడ బొమ్మని కావాలని అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. నేను పెద్దమ్మ మొహం చూశాను, ఆవిడ నావైపు చూడలేదు. "పొలంలో పిట్టలమ్మా. ఎప్పుడూ జంటగానే తిరుగుతాయి" అంది. చెప్పింది అబద్ధం కాదు. చెప్పాల్సిందంతా చెప్పనూ లేదు. పెదనాన్నకి సీసపు అక్షరాలు తప్ప పిట్టలు తెలియవు. ఆ ముక్కని చెక్కకి అంటించాక, ఆకుపచ్చ సిరాలో కార్డులు అచ్చయి, మూలలకి పసుపు పూసుకుని వెళ్ళిపోయాయి.

కార్డులు పంచడం మొదలెట్టిన కొద్ది రోజులకే పద్మజ నాన్నగారు స్కూటరు స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా లోపలికొచ్చారు. చేతిలో కార్డు పెదనాన్న ముందు పడేశారు. "ఏంటండీ ఇది? శుభలేఖ మీద తీతువు పిట్ట వేస్తారేంటండీ ఎవరైనా? పెళ్ళికొడుకు మామ్మగారు చూసి కార్డు కింద పెట్టేశారంట. ఈ సంబంధం మాకొద్దని చెప్పండి అన్నారంట. మీ బెజవాడ వాడికి పిట్టలే దొరకలేదా?" అన్నారు. ఆయన కుర్చీలో కూలబడి కండువాతో మొహం తుడుచుకుంటుంటే జాలేసింది. పెదనాన్న కార్డు తిప్పి తిప్పి చూశారు. ఎర్ర పెన్సిలుతో దిద్దే తప్పు కాదు అది. ఆయన్ని ఎలాగో సముదాయించి పంపాక, పెదనాన్న మెల్లిగా "నీకు తెలుసా సత్యం?" అన్నారు. "తెలుసు" అంది పెద్దమ్మ. ఆయన కార్డు తీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత "నేను వెళ్ళి పాలపిట్టలని చెబుతా. ఆకుపచ్చ సిరాలో ఏ పిట్టయితే ఏంటి? పాలపిట్ట శుభమే కదా" అన్నారు. "బొమ్మ నాది. నేనే వెళ్తాను" అంది పెద్దమ్మ. అని నాకేసి తిరిగి "తోడు రావే" అంది.

మామ్మగారి ఊరు వశిష్ఠ గోదావరి గట్టు పక్కన. బస్సులో పెద్దమ్మ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ కూచుంది. మేం వెళ్ళేసరికి మామ్మగారు వీధి వసారాలో పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తున్నారు. సన్నటి మనిషి, ముంజేతి మీద రంగు వెలిసిన పచ్చబొట్టు. ఫలానా అని చెప్పగానే చేతులు తుడుచుకుని పెద్దమ్మని పైకీ కిందకీ చూశారు.

"ఈ బొమ్మ చేసింది నువ్వా? బెజవాడలో చేయించారన్నారే."

"నేనేనండి మామ్మగారూ" అంది పెద్దమ్మ. తన పని తనదని బయటివాళ్ళ ముందు ఆవిడ చెప్పుకోవడం అదే మొదటిసారి. అదీ ఇలాంటి రోజున.

"అయితే ఏం పిట్టమ్మా ఇది?"

"పాలపిట్టలండి" అంది పెద్దమ్మ. పిట్టల విషయంలో ఆవిడ అబద్ధమాడటం నేను అంతకుముందు వినలేదు. పద్మజ కోసం ఆడింది.

"పాలపిట్ట కరెంటు తీగ మీద కూచుంటుంది. ఇంతింత కాళ్ళేసుకుని చేలో తిరగదు. చెక్కినదానివి, నీకు తెలీదా?" అని మామ్మగారు మళ్ళీ చింతపండు ముందుకి లాక్కున్నారు. "మా ఆయన ధాన్యం బళ్ళతో వెళ్ళి దారిలోనే పోయారు. అప్పటికి మా పెద్దాడు ఇంకా పాకుతున్నాడు. ఆ రాత్రి ఇదే పిట్ట మా చేలో ఒకటే గోల. ఎవరికో మూడిందే అని నేనే మా తోడికోడలితో అన్నాను. నోరు మూసేలోగా కబురొచ్చింది. ఆ పిట్టని తెచ్చి నా మనవడి పెళ్ళి కార్డు మీద పెడతావా?"

పెద్దమ్మ పీట పక్కన నేల మీద కూచుంది. "తప్పయిందండి. తీతువులే అవి" అంది. కాస్సేపయ్యాక, "ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఆ కబురు తెచ్చినవాళ్ళు ఎటు నుంచి వచ్చారండి?" అంది.

"రోడ్డెక్కడిది అప్పుడు? చేలకడ్డంపడే వచ్చారు."

"మామ్మగారూ, చీకట్లో చేలకడ్డంపడి ఎవరు నడుస్తారండి? ఎవరికైనా ప్రాణం మీదకొస్తేనే నడుస్తారు. వాళ్ళ కాలు ఎక్కడ గుడ్ల మీద పడుతుందోనని అది అరుస్తుంది. మనకి ముందు అరుపు వినిపిస్తుంది, ఆ తర్వాత మనుషులు వస్తారు. అందుకని అదే చావు తెచ్చిందనుకుంటాం. మేం అచ్చు వేసే బొమ్మలాగే, అంతా తిరగబడి కనిపిస్తుందండి."

మామ్మగారి చేతులు ఆగిపోయాయి. వీధిలోకి చూశారు.

"అంటే వాళ్ళు మా గట్టు ఎక్కినప్పుడు అరిచిందన్నమాట" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. ఇంకాసేపటికి, "వాళ్ళ చేతిలో లాంతరు కూడా ముందే కనిపించింది. దాన్ని మేమెవరం తిట్టలేదు" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటే చెయ్యంతా చింతపండు, కళ్ళు మండి ఇంకా నీళ్ళొచ్చాయి. పెద్దమ్మ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ మొహం కడిగింది. పరాయి ఇంట్లో చెంబు ఎక్కడుందో ఎలా తెలిసిందో మరి.

బయల్దేరుతుంటే మామ్మగారు వెనక్కి పిలిచారు. "పెళ్ళి ఆగదులే. నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఊరందరికీ ఎవరు చెప్తారు? కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టగలమా? రేపు ఆ పిల్ల కాపురానికొచ్చాక మా గేదె ఈసుకుపోయి దూడ దక్కకపోయినా ఆ పిట్ట వల్లే అంటారు, పిట్టని తెచ్చిన పిల్ల వల్లే అంటారు. కార్డు మార్చెయ్యి" అన్నారు. పెద్దమ్మ తలూపింది. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, "ఆవిడన్నదే నిజం. నేను పిట్ట గురించి ఆలోచించాను, పిల్ల గురించి ఆలోచించలేదు" అంది.

పంచిన కార్డులు దొరికినన్ని వెనక్కి తెప్పించి పెరట్లో వేణ్ణీళ్ళ కాగు కింద పెట్టారు. పెదనాన్న కలశం బొమ్మ తీసి సిద్ధం చేస్తుంటే పెద్దమ్మ అడ్డుపడింది. "ఆ పిల్ల చేను అడిగింది. చేను ఉంటుంది" అంది. చెక్కకి అంటించిన ముక్కని అన్నం గిన్నె మూత మీద పరచలేం కదా, దాన్ని కాస్సేపు ఎండలో పెట్టింది. తర్వాత వంటింటి గుమ్మంలో కూచుని గొడుగు ఊచతో పిట్టల్ని తవ్వడం మొదలెట్టింది. ముందు తల, తర్వాత రెక్కలు, చివర కాళ్ళు. గీత దాటకుండా, చెక్కినప్పుడు ఎంత జాగ్రత్తగా చెక్కిందో అంత జాగ్రత్తగా తీసేసింది. లినోలియంలో తవ్వింది మళ్ళీ పూడదు. నాకు ఏడుపొచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆవిడ అచ్చు తీసి గోడకి ఆనించి చూస్తోంది. ముదురాకుపచ్చ చేలో రెండు తెల్లటి పిట్టలు, పొడుగు కాళ్ళ మీద పక్కపక్కన నిలబడి ఉన్నాయి. సిరా అంటని చోట వట్టి కాగితం, అంతే. ఎవరు చూసినా కొంగలే అంటారు. వరిచేలో తెల్లకొంగల కన్నా శుభం ఏముంటుంది? కొత్త కార్డు మామ్మగారికి చూపించి వచ్చిన పద్మజ నాన్నగారు నవ్వుతూ, "కొంగలు చాలా బాగున్నాయని సత్యవతి గారికి చెప్పమన్నారండి" అన్నారు. ఎన్నో రోజుల తర్వాత పెద్దమ్మ నవ్వింది. ఆ ముసలావిడకి కొంగకీ తీతువుకీ తేడా తెలియదా అని నేనంటే, నన్ను ఊరుకోమంది.

ఆ తర్వాత నా చదువు అయిపోయింది, పెళ్ళయింది, రాజమండ్రిలో కాపురం పెట్టాను. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేయడం నా వృత్తి అయింది. ఈలోగా వీధికో కంప్యూటర్ సెంటరు వచ్చింది. కార్డులు రంగురంగులుగా మెరుస్తూ బయట నుంచి అచ్చయి రావడం మొదలైంది. ట్రెడిల్ మిషను పాత ఇనుము కింద పోయింది. పెదనాన్న అక్షరాలు కూడా తూకానికి ఇచ్చేశారు, గుప్పెడు మాత్రం ఒక పౌడరు డబ్బాలో దాచుకున్నారు. ఆ ఇల్లు వదిలేసి చేను పక్కనే రెండు గదులు వేసుకుని వాళ్ళు అక్కడికి మారారు. పెద్దమ్మ చెక్కడం మానేసింది. అడిగితే "చూపు ఆనడం లేదే" అనేది. చూపు ఒక్కటే కారణమని నేను నమ్మలేదు.

నేను అక్కడికి వెళ్ళి ఉన్న రోజుల్లోనే ఒక పొద్దున పద్మజ, వాళ్ళాయన వచ్చారు. ఇద్దరూ నలిగిన బట్టల్లో, నూనె లేని జుట్టుతో ఉన్నారు. మామ్మగారు పోయారని చూడగానే తెలిసింది. పద్మజ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "మామ్మగారు పోయే ముందు ఒకటి చెప్పారు ఆంటీ. 'నా పెద్దకార్యం కార్డు మీద పాలకొల్లు ఆవిడ చేత పిట్టల్ని వేయించండి. కొంగలు కాదు, అసలువి. చావు కార్డు మీదైతే తీతువుని ఎవరూ తప్పు పట్టరు' అన్నారు. మాకు అర్థం కాలేదు. మీకు తెలుస్తుందన్నారు" అంది. పెద్దమ్మ మంచం మీద కూచుండిపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగానే ఏడ్చింది. మామ్మగారు పోయినందుకా, ఇన్నేళ్ళూ తన పిట్టని గుర్తుపెట్టుకున్నందుకా అంటే రెండిటికీనని నా లెక్క.

ఆసుపత్రి చాప ముక్క ఒకటి అటక మీద ఇంకా ఉంది. పెద్దమ్మ కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని, అద్దం నన్ను పట్టుకోమని, ఆ సాయంత్రమే మొదలెట్టింది. ఈసారి ఒకటే తీతువు. దాని కాళ్ళ దగ్గర గుడ్లు. దూరంగా గట్టు మీద గోరంత లాంతరు. రాతంతా కంప్యూటర్ సెంటర్లో అచ్చు వేయించి, బొమ్మ మాత్రం ఇంటిల్లిపాదీ వసారాలో కూచుని గరిటెలతో రుద్దాం. పద్మజ కూడా రుద్దింది. చివర్లో పెదనాన్న పౌడరు డబ్బా తెచ్చుకుని, వెతుక్కుని వెతుక్కుని, ఉన్న సీసపు అక్షరాల్లో కొన్ని ఏరి దారంతో బిగించి కట్టారు. ప్రతి కార్డు కింద ఒక్కొక్కటిగా అద్దారు. 'బొమ్మ: సత్యవతి'. అక్షరాలు వంకరగా పడ్డాయి. ఆయన కూడా చూశారు గానీ, ఎర్ర పెన్సిలు తియ్యలేదు.

ఇప్పుడు హైదరాబాదులో ఎగ్జిబిషన్లకి వెళితే లినోకట్లు అద్దాల ఫ్రేముల్లో కనిపిస్తాయి, కింద పెన్సిలుతో సంతకాలు. పిల్లలు బాగా చేస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. మంచి పనిముట్లున్నాయి, నేర్పేవాళ్ళున్నారు. మాకు గొడుగు ఊచ, అన్నం గిన్నె మూత. అప్పుడే బాగుండేదని నేననను. తన పేరు ఒక చావు కార్డు మీద తప్ప ఎక్కడా చూసుకోని మనిషిని తలుచుకుంటే అలా అనబుద్ధి కాదు. పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఫోన్లో వచ్చింది. రాజమండ్రిలో మా అపార్టుమెంటు, పక్కన ఇంకో అపార్టుమెంటు. ఎవరూ చేలకడ్డంపడి లాంతరు పట్టుకుని రాలేదు, ఏ పిట్టా అరవలేదు. తీతువుకి ఆ నింద తప్పిపోయింది, మనకి చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. ఫోను పెట్టేశాక కూడా నేను చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి చెవులు రిక్కించాను, ఎందుకో తెలీదు.

అన్నయ్య ఇచ్చిన చెక్కని మళ్ళీ పంచె ముక్కలో చుట్టి, అదంతా వాడికి చెప్పి, కాస్త గాలి కోసం చేను వైపు నడిచాను. చుట్టూ చేపల చెరువులు వచ్చేశాయి, వాళ్ళ చేను ఒక్కటే మోళ్ళతో మిగిలింది. గట్టు దిగి నాలుగడుగులు వేశానో లేదో, నా తల మీద ఒక్కసారిగా గోల మొదలైంది. నల్లటి తల, పసుపుపచ్చటి కాళ్ళు. పైకి లేస్తోంది, మీదకి వస్తోంది, ఒకటే మొత్తుకోలు. కబురు విన్నప్పటి నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. "ఉండవే, వెళ్తున్నా" అని పైకే అన్నాను. కాళ్ళ ముందు నేల చూసుకుంటూ, పక్కకి తప్పుకుని, చుట్టు తిరిగి గట్టెక్కాను.